కాడి దించిన ముసలివాళ్ళు – మన కథకుల చూపు

తెలుగు కథాసాహిత్యంలో భూమి పోగొట్టుకొన్న రైతులకు కొదవ లేదు. షావుకారు అప్పు కింద పోగొట్టుకొన్నవాడున్నాడు, కోర్టు దావాల్లో పోగొట్టుకొన్నవాడున్నాడు, కరువుకు తాళలేక తెగనమ్ముకొన్నవాడున్నాడు, ఆనకట్ట కింద వూరితోసహా ముంపుకు వదిలివచ్చినవాడున్నాడు. వీరిని గురించి వ్రాసేటప్పుడు మన కథకుల కలం తడబడదు. శత్రువు ఎవరో వారికి తెలుసు. పాఠకుడికీ తెలుసు.

ఆ వరుసలోనే మరొక రైతు వున్నాడు. ఇతని భూమిని ఎవరూ గుంజుకోలేదు. మోకాళ్ళు పట్టు తప్పాయి, కండ్లు మసకబారాయి, పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో వున్నారు. యాభైయేండ్లు సేద్యం చేసిన చేతులతోనే కాడి దించి, ఎద్దులను అమ్మి, చేనును కొడుకు పేరనో, కొన్నవాడి పేరనో వ్రాసియిచ్చి, రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేసి ఇంటికి వచ్చాడు. అతని వెనుకనే అతని భార్య కూడా వచ్చింది. ఆమె వేలిముద్ర చాలా సందర్భాల్లో ఎవరికీ అవసరం కాలేదు. వీళ్ళను గురించి మన కథకులు వ్రాయలేదని నేననడం లేదు. వ్రాశారు. ఎట్లా వ్రాశారన్నదే యీ వ్యాసానికి విషయం.

నా వాదాన్ని మొదటే చెబుతాను. భూమి పోవడం వేరు, భూమిని వదులుకోవడం వేరు. మొదటిదాన్ని మన సాహిత్యం పట్టుకొన్నంత గట్టిగా రెండవదాన్ని పట్టుకోలేదు. అందుకు ముఖ్యకారణం, ఆ ఘట్టాన్ని కథకుడు సాధారణంగా కొడుకు కంటితో చూడడమే. కొడుకు దుఃఖం బూటకమని నేననను. కాని ఆ దుఃఖం ముందు నిలబడేసరికి, దాని వెనుకనున్న ముసలివాళ్ళ లెక్క కనబడకుండా పోతున్నది. లెక్క అంటే రూపాయల లెక్క మాత్రమే కాదు. రేపటినుండి వారి తిండి ఎవరి చేతిలో వుంటుంది, మందులకు ఎవరిని అడగాలి, ఇంట్లో వారి మాట ఎంతవరకు చెల్లుతుంది అన్న లెక్క.

ఈ మాటలను నేను కర్నూలు పక్కనున్న కల్లూరును దృష్టిలో పెట్టుకొని వ్రాస్తున్నాను. హంద్రీనదికి ఆ ఒడ్డున కర్నూలు, ఈ ఒడ్డున కల్లూరు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో ఆ హోదా హైదరాబాదుకు పోయింది. రాజధాని పోయినా పట్నం పెరగడం ఆగలేదు. నది దాటి ఈ ఒడ్డుకు వచ్చింది. కల్లూరు ఈనాడు కర్నూలు నగరపాలక సంస్థలో భాగం. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రనుండి తవ్విన కర్నూలు–కడప కాలువ ఈ ప్రాంతంనుండే సాగిపోతుంది. ఆ కాలువ నీరు ఎక్కినచోట వరి పండింది. ఎక్కనిచోట మెట్టచేలే: జొన్న, వేరుశనగ, పత్తి, ఆముదం. ఉమ్మడి జిల్లాలో సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు. ఆ కొంచెమూ పైరుకు కావలసిన నెలలోనే కురుస్తుందన్న నమ్మకం లేదు. బోరు వేసినవాడు మొదటి బోరుకు చేసిన అప్పు తీర్చడానికి రెండవ బోరు వేస్తాడు.

ఇటువంటిచోట ఒక విచిత్రమైన స్థితి ఏర్పడింది. పైరు లెక్కన చూస్తే చేనుకు విలువ లేదు. ప్లాటు లెక్కన చూస్తే అదే చేను బంగారం. తాతలనాడు ఎకరాల్లో కొన్నదాన్ని ఈనాడు సెంట్లలో అమ్ముతున్నారు. సేద్యం చేసినంతకాలం ముసలివాడు అప్పులవాడు. సేద్యం మానిన మర్నాడు ఆస్తిపరుడు. కాని ఆస్తిపరుడైన ఆ ఒక్కనాడే, ఆ ఆస్తి అతనిది కాకుండా పోతుంది. ఉగాది వేడుకల్లో కల్లూరు చౌడేశ్వరమ్మ గుడిచుట్టూ బురద చేసి, అందులో ఎద్దులబండ్లనూ గాడిదలనూ తిప్పే ఆచారం నేటికీ సాగుతున్నది. సేద్యగాళ్ళ వేడుక అది. చుట్టూ చేలు ఇండ్లస్థలాలవుతున్నచోట, ఏటికి ఒకసారి ఎద్దుల కాళ్ళకింద బురద కనబడడం చూచి నవ్వేవారున్నారు, కండ్లు తుడుచుకొనేవారున్నారు. ఆ బండ్లను తోలే ఇండ్లలో ఎందరు ముసలివాళ్ళు ఇంకా చేనికి పోతున్నారని అడిగేవారు తక్కువ.

భూమిని వదులుకొనే వృద్ధులను గురించిన కథ ఏదైనా సరే, నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలని నా అభిప్రాయం. భూమి ఎవరి పేర వున్నది? దానిమీద చాకిరీ ఎవరిది? వదులుకొన్న తరువాత ముసలివాళ్ళ తిండి ఎక్కడిది? ఆ నేలను ఇకమీదట ఎవరు దున్నుతారు, లేక ఎవరూ దున్నరా? ఇవి అర్థశాస్త్రజ్ఞుల ప్రశ్నలు గదా, కథకుడికి వీటితో ఏమి పని అనవచ్చు. నిజమైన పాత్రచిత్రణ యీ ప్రశ్నల దగ్గరనే మొదలవుతుందని ప్రపంచసాహిత్యం మనకు చూపించింది.

షేక్స్పియరు లియర్‌రాజు కథ రాజుల కథ అనుకొంటాం. అందులోని మూలసూత్రం ప్రతి రైతు ఇంట్లోనూ వున్నదే. ముసలితండ్రి బ్రతికుండగానే రాజ్యాన్ని బిడ్డలకు పంచియిచ్చి, తనకు నూరుమంది పరివారం మాత్రం వుంచుకొంటాడు. నూరు యాభై అవుతుంది, యాభై ఇరవైఅయిదు అవుతుంది, చివరకు ఒక్కడూ అక్కరలేదనేదాకా వస్తుంది. కూతుళ్ళ క్రౌర్యంకన్నా ఆ అంకెలు తగ్గే తీరు మనలను భయపెడుతుంది. ఇచ్చేసినవాడి అవసరాలను పుచ్చుకొన్నవాడు లెక్కించడం మొదలుపెట్టినప్పుడు ఏమవుతుందో ఆ నాటకం చెప్పింది.

ఫ్రెంచి నవలాకారుడు ఎమిలీ జోలా 1887లో వెలువరించిన 'భూమి' నవలలో ఇదే కథను రైతు ఇంటికి దించాడు. ముసలిరైతు ఫువాన్‌కు ఒంట్లో సత్తువ వుడిగింది. ఇద్దరు కొడుకులకూ కూతురుకూ పొలం పంచియిచ్చి, బదులుగా ఏటా ఇంత భరణం ఇవ్వాలని దస్తావేజు వ్రాయించుకొంటాడు. ఆ దస్తావేజు ఘట్టాన్ని చదివినవారు మరచిపోలేరు. కన్నపిల్లలు కన్నతండ్రి తిండిని అణాపైసలతో బేరమాడతారు. ఆ తరువాత అతడు ఒక్కొక్క ఇంటినుండి వెళ్ళగొట్టబడతాడు, చివరకు కొడుకు చేతనే చంపబడతాడు. జోలా మానవస్వభావాన్ని మరీ చీకటిగా చిత్రించాడన్న ఆక్షేపణ వున్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా ఆయన వదలనిది ఒకటుంది: భూమిమీద రైతుకున్న మమకారాన్ని ఆయన 'తల్లిప్రేమ' అని దాటవేయలేదు. అది ఆకలి, గర్వం, దురాశ, అలవాటు కలిసిన పదార్థమని విప్పి చూపాడు. అందువల్లనే ఫువాన్ కాడి దించిననాడు అతడు పోగొట్టుకొన్నది ఏమిటో మనకు అర్థమవుతుంది. నేలతోపాటు అతనికి ఇంట్లోవున్న అధికారం, వూళ్ళోవున్న ఉనికి, కొడుకులకు తన అవసరం, అన్నీ పోయాయి.

పెర్ల్ బక్ 1931 నాటి 'గుడ్ ఎర్త్' చైనా రైతు కథ. ముసలివాడైన వాంగ్ లుంగ్, కొడుకులు పొలం అమ్మే మాట చెప్పుకోవడం విని కలవరపడతాడు. అమ్మబోమని కొడుకులు ఓదారుస్తారు. ఓదారుస్తూనే అతని తలమీదుగా ఒకరినొకరు చూచి నవ్వుకొంటారు. నవల అక్కడ ముగుస్తుంది. ఆ నవ్వును చాలామంది విమర్శకులు పేర్కొన్నారు. అయితే నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది వాంగ్ లుంగ్ భార్య ఓలాన్ దాచుకొన్న రెండు ముత్యాలు. ఆ ఇంటికి భూమి వచ్చింది ఆమె తెచ్చిన నగలవల్ల. ఆమె తనకోసం అడిగినవి రెండు ముత్యాలే. వాటిని కూడా మొగుడు లాక్కొని మరొక ఆడదానికిచ్చాడు. పొలం పోతుందని ఏడ్చే ముసలివాడికి, ఆ పొలంలో పాతిపెట్టబడిన భార్య వాటా గుర్తున్నదా అని ఆ నవల మనచేత అడిగిస్తుంది.

మన దేశంలో ప్రేమ్‌చంద్ 1936లో 'గోదాన్' వెలువరించాడు. హోరీకి కాడి దించే అవకాశమే లేదు. బేదఖలు తప్పించుకోవడానికి, దాదాపు తన వయసువాడికి చిన్నకూతురు రూపను ఇచ్చి పెళ్ళిచేసి డబ్బు తీసుకొంటాడు. చేను నిలబడుతుంది, మనిషి నిలబడడు. కూలిపనిలో ఎండదెబ్బకు పడిపోయి చస్తాడు. 'నేలను వదలని రైతు' అన్న ఆదర్శానికి ఎంత ధర చెల్లించవలసి వస్తుందో ప్రేమ్‌చంద్ చూపాడు. నేలను వదిలినవాడిని నిందించేవారు ముందు హోరీని గుర్తుచేసుకోవాలి.

ఇక మన తెలుగు సంగతి. సీమ కరువును కావ్యవస్తువుగా చేసిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' (1956)లో రంగడు ఒకనాడు బాగా బ్రతికిన రైతు ఇంటి బిడ్డ. మనకు కావ్యంలో కనబడేది రెక్కలు ముక్కలు చేసుకొనే రంగడు, అతని భార్య గంగమ్మ. చేతినుండి చేను జారిపోయిన తరం ఆ కావ్యానికి వెనుకటి కథ. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో అప్పల్రాముడు పెద్దమనుషుల తీర్పుకు తలవొంచి అప్పు తీరుస్తానని ఒప్పుకొంటాడు. ఆ ఒప్పుకోలు తన బిడ్డల తరాన్ని పాలేరుతనంలోకి తోస్తుందని తెలిసిన కొడుకు సీతారాముడు తన బిడ్డనే నరుకుతాడు. పెద్దతరం 'మర్యాద' చిన్నతరం మెడకు ఉరి ఎట్లా అవుతుందో ఇంత నిర్దాక్షిణ్యంగా చెప్పిన కథ మనకు మరొకటి లేదు. అయితే అదీ అప్పు కథ, పోగొట్టుకొనే కథ. ఎవరూ గుంజుకోకుండానే వదులుకొనే కథ కాదు.

రాయలసీమ కథకులు ఈ వస్తువుకు మరింత దగ్గరికి వచ్చారు. సింగమనేని నారాయణ తన ఒక కథకు 'జూదం' అని పేరుపెట్టాడు. వానను నమ్మి వేరుశనగ విత్తే సేద్యానికి అంతకన్నా సరైన పేరు లేదు. జూదం అన్నప్పుడే ఒక సంగతి స్ఫురిస్తుంది: జూదగాడు లేచి వెళ్ళిపోవడం ఓటమి కాదు, ఒక్కొక్కసారి అదే వివేకం. కేతు విశ్వనాథరెడ్డి తొలి కథాసంపుటి పేరు 'జప్తు' (1974). ఆయన మరొక కథ పేరు 'నమ్ముకున్న నేల'. ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది బయటివాడు వచ్చి పట్టుకుపోవడం. రెండవదానిలో ఒక్క నకారం తొలగిస్తే 'అమ్ముకున్న నేల' అవుతుంది. నమ్ముకోవడానికీ అమ్ముకోవడానికీ మధ్య ఎంత కొంచెం దూరమున్నదో సీమ రైతు నోటి మాటలోనే వున్నది. కేతు ఆ మాటను పట్టుకొన్నాడు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' నవలలో ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకని కుర్రవాడు, కరువునాడు తండ్రితో కలిసి గొర్రెలను తోలుకొని నల్లమల అడవికి పోతాడు. పెద్దల చేతివిద్యలో ఎంత జ్ఞానమున్నదో అతనికి అక్కడ తెలిసివస్తుంది. వృద్ధతరాన్ని జాలితో కాక గౌరవంతో చూచిన రచన అది. ఈ రచయితలకు మనం ఋణపడివున్నాం.

ఇంతమంచి పునాదివున్నా, పత్రికల్లో విరివిగా వస్తూవుండే కథల సంగతి వేరుగా వున్నది. ఆ కథల మూస మీకు తెలిసినదే. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు చేను అమ్మడానికి వూరికి వస్తాడు. బస్సు దిగగానే చిన్ననాటి చింతచెట్టు కనబడుతుంది. నాయన గట్టుమీద మౌనంగా కూచునివుంటాడు. అమ్మ జొన్నరొట్టె, గోంగూర పెడుతుంది. రాత్రి ఆరుబయట మంచంమీద కొడుక్కు నిద్రపట్టదు. తెల్లవారి అతడు ఒక పిడికెడు మట్టిని రుమాలులో మూటగట్టుకొంటాడు. ఆ తరువాత చేను అమ్మేస్తాడు. లేదా అమ్మడం మానుకొని, ఆ మానుకోవడంతోనే కథ ముగిస్తాడు. రెండు ముగింపుల్లోనూ పాఠకుడి కండ్లు తడుస్తాయి.

ఈ కథలో తప్పేమిటి? మట్టి వాసన అబద్ధం కాదు, జొన్నరొట్టె అబద్ధం కాదు. తప్పు ఎక్కడున్నదంటే, ముసలివాళ్ళిద్దరూ ఈ కథలో కొడుకు మనస్సాక్షికి అలంకారాలుగా మిగిలిపోవడంలో వున్నది. నాయన మౌనంగానే ఎందుకు వుండాలి? సీమ రైతు అంత మౌనిగా వుండడం నేనెన్నడూ చూడలేదు. ధర తక్కువ పలికితే గొడవపడతాడు, పెద్దకొడుక్కు ఎక్కువ పోయిందని చిన్నకొడుకు అలిగితే ఇద్దరినీ తిడతాడు, కూతురు వాటా మాట వస్తే నీళ్ళు నములుతాడు, అందరూ పోయాక భార్యతో చేతిలో ఎంత నిలుస్తుందని మెల్లగా అడుగుతాడు. కథకుడు ఇవన్నీ తీసివేసి అతనికి మౌనాన్ని ప్రసాదించాడు. కొడుకు ఏడవడానికి ఆ మౌనం అవసరం. అమ్మకం ఆపివేసి వెళ్ళిపోయిన కొడుకు ఆదర్శపురుషుడయ్యాడు సరే. డెబ్బైయేండ్ల తండ్రి వచ్చే ఖరీఫ్‌లో ఆ చేనుతో ఏమి చేస్తాడు? కథకుడికి ఆ బెంగ లేదు. ఇటువంటి కథలు చదివేవారిలో కొడుకులు చాలామంది. కండ్లు తడిసినంత మాత్రాన బాకీ తీరినట్టు వారు తృప్తిపడి పత్రిక మూసేస్తారు. ఈ వస్తువును తేలికగా వ్రాస్తే కలిగే అసలు హాని ఇది.

కడప గడ్డమీదనుండి 1968–69లో 'సంవేదన' త్రైమాసికాన్ని నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి సాహిత్యంలో కృత్రిమతను సహించని విమర్శకుడు. అటువంటి విమర్శ మనకు ఈనాడు యీ వస్తువు విషయంలో మరింత అవసరమని నాకు తోస్తున్నది.

నా నాలుగు ప్రశ్నలకు తిరిగి వస్తాను. భూమి ఎవరి పేర వున్నది? 2015–16 వ్యవసాయ గణనలో దేశం మొత్తంమీద స్త్రీల చేతిలోవున్న కమతాలు నూటికి సుమారు 14. మన రాష్ట్రంలో సుమారు 30. మనం కొంత మెరుగేనన్నమాట. కాని పాస్‌బుక్కులో పేరు వుండడమూ, అమ్మాలా వద్దా అన్న నిర్ణయంలో మాట వుండడమూ ఒకటి కావు. కలుపు తీసింది, విత్తనాలు బూడిదలో కలిపి దాచింది, గొడ్లకు నీళ్ళు పెట్టింది, కల్లంలో గింజ తూర్పారబట్టింది ఎవరు? మెట్టసేద్యంలో మడక పట్టింది తప్ప తక్కినదంతా ఆమె చాకిరీయే. చేను వదులుకొన్ననాడు ఆమెకు పోయేది వేరు. మొగవాడికి వూళ్ళో పెద్దరికం పోతుంది. ఆమెకు చేతిడబ్బు పోతుంది. బర్రె పాలడబ్బు, కోడిగుడ్ల డబ్బు, కూతురు వచ్చినప్పుడు ఎవరినీ అడగకుండా చేతిలో పెట్టే పదిరూపాయలు, ఇవి చేనుతోనూ గొడ్లతోనూ ముడిపడినవి. పట్నంలో కొడుకు ఇంట్లో మూడవ అంతస్తులో మనుమడిని ఎత్తుకొని కూచున్న ఆ జేజిని గూర్చి మన కథకుడు 'సుఖంగా వుంది' అని ఒక్క వాక్యంలో వ్రాసి దాటిపోతాడు. ఓలాన్ ముత్యాలవంటివి ఆమెకూ వున్నాయి. వెదకవలసినవాడు కథకుడు.

మూడవ ప్రశ్న తిండి. గవర్నమెంటు ఉద్యోగికి పదవీవిరమణ వయసు వుంది. రైతుకు అటువంటి వయసు ఏ చట్టమూ వ్రాయలేదు; ఒళ్ళు పడిపోయిననాడే అతని విరమణ. అతని భవిష్యనిధి అంతా ఆ చేనే. మన రాష్ట్రంలో వృద్ధాప్యపు పింఛను 2024 జులైనుండి నెలకు 4,000 రూపాయలయింది. అది ఎంతో మేలు, కాదనడానికి వీల్లేదు. అయితే సాధారణంగా ఇంటికి ఒక్కటే పింఛను. ఇద్దరు ముసలివాళ్ళున్నచోట రెండవవారు మొదటివారి చేయి చూడవలసిందే. 2019లో మొదలైన కేంద్రపు ఆరువేల సాయం భూమి పేరునుబట్టి వచ్చేది. చేను చేతులు మారితే అదీ పోతుంది. అంటే చేనిచ్చేసిన ముసలివాడు నేలతోపాటు రైతు అన్న పేరుమీద వచ్చే హక్కునూ ఇచ్చేస్తున్నాడు.

పార్లమెంటు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టాన్ని చేసింది. దాని ప్రకారం ట్రిబ్యునలు నెలకు పదివేలు మించకుండా భరణం ఇప్పించవచ్చు. కనీసావసరాలు చూడాలన్న షరతుమీద ఆస్తి వ్రాసియిస్తే, పుచ్చుకొన్నవాడు షరతు తప్పిననాడు ఆ దస్తావేజు చెల్లదనిపించవచ్చునని 23వ సెక్షను చెబుతుంది. ఆ షరతు వున్నట్టు తేలాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పుచెప్పింది. 2025 జనవరిలో మరొక కేసులో, ఒక తల్లి కొడుక్కు వ్రాసియిచ్చిన దానపత్రాన్ని రద్దుచేస్తూ, ఈ చట్టాన్ని వృద్ధుల మేలుకోరి ఉదారంగా అన్వయించాలన్నది. ఇది న్యాయవాదుల విషయమని కథకుడు తలతిప్పుకోకూడదు. దస్తావేజు వ్రాసేవాడు 'షరతు పెట్టమంటావా పెద్దాయనా?' అని అడిగినప్పుడు, పక్కన కొడుకు నిలబడివుండగా ఆ తండ్రి ఏమంటాడు? 'వద్దులేబ్బా, వాడు నా కొడుకే గదా' అంటాడు. ఆ ఒక్కమాటలో ప్రేమ వున్నది, పరువు వున్నది, భయమూ వున్నది. వెనుక నిలబడిన తల్లి ఆ క్షణంలో ఏమనుకొన్నది? జోలా నవలలోని దస్తావేజు ఘట్టం మన రిజిస్ట్రారు ఆఫీసుల వరండాల్లో జరుగుతూనే వున్నది. మన సాహిత్యంలోకి మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు.

నాలుగవ ప్రశ్నను మన కథలు అసలే అడగవు. చేను బీడుపడకపోతే, ప్లాట్లు పడకపోతే, దాన్ని ఎవరో గుత్తకో కోరుకో చేస్తూనే వుంటారు. తరచుగా సొంతభూమి లేని దళితుడో, వెనుకబడిన కులంవాడో. వాన పడకముందే గుత్త డబ్బు కట్టి, పంట నష్టమైతే తానే భరిస్తాడు. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టం వచ్చింది గాని, పత్రం కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. యజమానికి అనుమానం, గుత్తదారుకు భయం. పట్నంనుండి వచ్చిన కొడుకు మట్టిని రుమాలులో కట్టుకొనేవేళ, ఆ చేనిలోనే గుంటక తోలుతున్న మరొక మనిషి ఆ కథలో ఎక్కడున్నాడు? అతడు కనబడని కథ ఎంత అందంగా వున్నా, ఆస్తిపరుడి విలాపమే అవుతుంది.

ఇక్కడ అభ్యుదయ విమర్శకులమని చెప్పుకొనే మనలోని ఒక ధోరణిని కూడా చెప్పాలి. చిన్నరైతు భూమిమమకారం సొంతఆస్తి మమకారమే గదా, అది ఎట్లాగూ పోవలసిందే, దానికి కన్నీళ్ళెందుకు అనేవారున్నారు. ఇది పైకి శాస్త్రీయంగా కనబడే తొందరపాటు. 2015–16 గణనప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండెకరాలమీద కొంచెం. ఇది ఇతరుల శ్రమను దోచే ఆస్తి కాదు. ఒక జంట యాభైయేండ్ల శ్రమ మన్నులో గడ్డకట్టిన రూపం. దానిని వదులుకోవడం ఆ శ్రమ విలువను ఎవరికో అప్పగించడం. ఎవరికి, ఏ ధరకు, ఏ హామీమీద అన్నదే మన ప్రశ్న కావాలి.

దీనికి మరొక వైపు కూడా వుంది. భూమిని వదులుకోవడం ఎప్పుడూ విషాదమే కానక్కరలేదు. డెబ్బైయేండ్లదాకా ఎండలో నిలబడ్డ మనిషికి నీడలో కూచునే హక్కు వున్నది. 'ఈ జూదం మాతో సరి, మా పిల్లలకు వద్దు' అని నిశ్చయించుకొని, అమ్మిన డబ్బులో తమ వాటా తమ పేర బ్యాంకులో వేసుకొని, మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ సమంగా పంచిన వృద్ధ దంపతులు సీమలో లేకపోలేదు. ఆ తెలివిని, ఆ ధైర్యాన్ని గురించి ఎవరు వ్రాశారు? 1985నుండి మన రాష్ట్రంలో, 2005నుండి దేశమంతటా, కూతురికి పిత్రార్జితంలో కొడుకుతో సమాన హక్కు వున్నది. కూతురిని పిలిచి వాటా పెట్టిన తండ్రి, వాటా తీసుకొని తల్లిని తన ఇంటికి తెచ్చుకొన్న కూతురు, ఇటువంటివారు ఇప్పటి సమాజంలో పుడుతున్న కొత్త పాత్రలు. కన్నీటి మూసలో వీరికి చోటులేదు. అందుకే మన కథలకు ఇంకా అందలేదు.

సీమ యువకథకులకు నేను విన్నవించేది ఇది. చేను అమ్మిననాడు కథ ముగించకండి. అక్కడ మొదలుపెట్టండి. మర్నాడు తెల్లవారుజామున అలవాటుగా లేచి, పోవడానికి చేను లేక వాకిట్లో నిలబడ్డ ముసలివాడు ఏమి చేశాడో వ్రాయండి. గాటిపాటలో పలుపుతాళ్ళు చుట్టిపెట్టిన ఆయమ్మ ఆ పగలంతా చేతులకు ఏ పని చెప్పిందో వ్రాయండి. నెలాఖరున మాత్రలకు డబ్బు ఎవరిని అడిగారో, ఎవరు ఎంతసేపటికి ఇచ్చారో వ్రాయండి. వాళ్ళ నోటికి మాట ఇవ్వండి, ఆ మాట కొడుకుకు నచ్చకపోయినా సరే. కల్లూరువంటి వూళ్ళలో ఈ తరం ఇంకా మన మధ్యనే వున్నది. అడిగితే చెబుతారు. వారు పోయిన తరువాత వ్రాసే కథలకు కొడుకుల జ్ఞాపకాలు తప్ప మరొక ఆధారం వుండదు.